పదిహేనేళ్లుగా విశ్వాసిని, బయటివాళ్లకు సువార్త చెప్పడం ఎప్పుడో మానేశాను. నేను చల్లారిపోయానా?

బ్రదర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. మీరు రక్షణ పొంది పదిహేనేళ్లయింది. ఆదివారం ఆరాధన మానరు, క్వైర్‌లో పాడతారు, దశమభాగం ఇస్తారు. కానీ క్రీస్తు గురించి బయటి మనిషితో నోరు తెరిచి మాట్లాడి ఎన్నేళ్లయిందో మీకే గుర్తు లేదు. సువార్త మీద ప్రసంగం విన్నప్పుడల్లా గుచ్చుకుంటుంది, మంగళవారానికి మామూలైపోతారు. నేను చల్లారిపోయానా, నాకు సువార్తికుడి వరం లేదని ఊరుకోవచ్చా, రోజూ వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం పెడుతున్నాను, అది చాలదా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు చల్లారిపోలేదు, పూర్తిగా చల్లారినవాడికి ఇలాంటి ప్రశ్న రాదు. వరం లేదన్న సాకు మాత్రం నిలవదు. స్టేటస్ చాలదు, అయినా పనికొస్తుంది, దాని సంగతి చివర్లో చెప్తాను. మీ సమస్య ఆసక్తి తగ్గడం కాదు, కడుపు నిండిపోవడం అని నా అనుమానం. రెండింటికీ మందు వేరు. ఆసక్తి తగ్గినవాణ్ణి ఒక మంచి ప్రసంగం లేపుతుంది. కడుపు నిండినవాడికి అది ఇంకో ముద్ద, అంతే. మీరు ప్రతిసారీ మంగళవారానికి మామూలైపోవడం అందుకే.

నేను ఇరవై మూడేళ్లుగా సంఘ కాపరిని. ఈ జబ్బు మొదట చూసింది నాలోనే. ఒకసారి సువార్త సదస్సులో మాట్లాడి రైల్లో తిరిగి వస్తున్నాను. యెహెజ్కేలు 33వ అధ్యాయం తీసుకుని, ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదని కావలివాడి గురించి గంటసేపు చెప్పాను. చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ నోట్సు ఇంకా బ్యాగులోనే ఉంది. పక్క సీటాయన పలకరింపుగా "ఏం చేస్తుంటారండీ?" అన్నాడు. నేను "టీచింగ్ లైనండీ" అన్నాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. తర్వాత నాలుగు గంటలపాటు ఆయన తన కూతురి పెళ్లి ఆగిపోయిన సంగతి, అప్పటినుంచి తనకు నిద్ర పట్టని సంగతి చెప్పుకొచ్చాడు. నేను తల ఊపుతూ కూర్చున్నాను. దిగేముందు ఆయన నా చెయ్యి పట్టుకుని "మీరు బాగా వింటారండీ, టీచర్లు కదా" అన్నాడు. ఆయన ఊరికే మర్యాదకి అన్నమాట. నాకు మాత్రం ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

అందుకే చెప్తున్నాను, ఇది పరిచర్యకు దూరంగా ఉన్నవాళ్లకే వచ్చేది కాదు. పరిచర్యలో మునిగి ఉన్నవాళ్లకు ఇంకా తేలిగ్గా వస్తుంది, పైగా బయటికి కనబడదు.

నులివెచ్చదనం అనగానే అందరూ ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో, మీరు చల్లగానూ లేరు వెచ్చగానూ లేరు, నులివెచ్చగా ఉన్నారని ప్రభువు గద్దించిన లవొదికయ సంఘం దగ్గరికి వెళ్తారు. మామూలుగా చెప్పే అర్థం ఏమిటంటే వెచ్చదనం అంటే భక్తి, చల్లదనం అంటే అవిశ్వాసం, మధ్యలో ఉండకూడదు అని. కానీ ఆ వచనం మళ్లీ చూడండి. చల్లగా ఉన్నా మేలే అంటున్నాడు ప్రభువు. అవిశ్వాసం మేలని ఆయన ఎందుకంటాడు? ఆ ఊరి చుట్టుపక్కల నీళ్ల సంగతి తెలిస్తే ఇది విడిపోతుంది. దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు ఉన్నాయి, ఒంటి నొప్పులకు జనం వెళ్లేవాళ్లు. ఇటు కొలొస్సయిలో చల్లని మంచినీళ్లు. లవొదికయకు మాత్రం నీళ్లు దూరం నుంచి గొట్టాల్లో రావాలి. వచ్చేసరికి గోరువెచ్చగా, సున్నం లాంటి ఖనిజాలతో నిండి ఉండేవి. ఆ గొట్టాల్లో గార పేరుకుపోవడం శిథిలాల్లో నేటికీ కనబడుతుంది. అంటే అవి నొప్పికీ పనికిరావు, దాహానికీ పనికిరావు. ప్రభువు వాళ్ల భావోద్వేగాన్ని థర్మామీటర్ పెట్టి కొలవడం లేదు. మీరు ఎవరికీ పనికిరాకుండా ఉన్నారంటున్నాడు.

వాళ్లు అలా ఎందుకయ్యారో కూడా అక్కడే ఉంది. "నాకేమియు కొదువలేదు" అనుకున్నారు. ఇది ఊరికే అన్న మాట కాదు. క్రీ.శ. 60 ప్రాంతంలో భూకంపం వచ్చి ఆ పట్టణం కూలిపోతే, రోమా ప్రభుత్వం సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సాయం అడగక్కర్లేని ఊరు. సంఘానికీ అదే గాలి సోకింది. ఆ ఉత్తరం చివరికి వచ్చేసరికి ప్రభువు తలుపు బయట నిలబడి తడుతుంటాడు. మనం ఆ వచనాన్ని అవిశ్వాసుల కోసం వాడతాం గానీ, ఆయన తట్టింది సంఘం తలుపు.

ఇప్పుడు మీకు నేను చూసిన ఒక గది సంగతి చెప్పాలి. చాలా పుస్తకాల కన్నా నాకు ఎక్కువ నేర్పింది అదే.

కొన్నేళ్ల కిందట మా సంఘంలో పదకొండుమందిని కూర్చోబెట్టి ఒక చిన్న అభ్యాసం పెట్టాను. ఒక్కొక్కరు రెండు నిమిషాల్లో, క్రీస్తు తమకు ఏం చేశాడో చెప్పాలి. షరతు ఒక్కటే, చర్చి మాటలు వాడకూడదు. రక్షణ, విడుదల, అభిషేకం, ఆత్మల భారం, రక్తంలో కడగబడ్డాను లాంటివన్నీ నిషేధం. ఎదురుగా ఉన్నవాడికి అర్థమయ్యే మామూలు మాటల్లో చెప్పాలి. ఫోన్‌లో టైమర్ పెట్టాను. మొదటివాళ్లు నవ్వుకుంటూ లేచారు. పది సెకన్లకే "ప్రభువు నన్ను..." అని ఆగిపోయారు. తర్వాత మాట దొరకలేదు. ఒకామె "అయితే ఇంకేమనాలి పాస్టర్ గారూ?" అని నన్నే అడిగింది. నాకూ వెంటనే తట్టలేదు.

ఆరో మనిషి మా పెద్దల్లో ఒకాయన. ముప్పై ఏళ్ల విశ్వాసి, ప్రార్థనలో మంచి పట్టున్నవాడు. లేచాడు, ఇరవై సెకన్లు మాట్లాడాడు. యవ్వనంలో తాగుడు మానిన సంగతి. అక్కడ ఆగి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నా దగ్గర పాతదే ఉంది అయ్యగారూ, ఈ మధ్య ఏమీ లేదు" అని కూర్చున్నాడు. టైమర్ ఇంకా నడుస్తోంది. ఎవ్వరూ మాట్లాడలేదు.

మనం సువార్త చెప్పకపోవడానికి భయం, తీరిక లేకపోవడం, వరం లేకపోవడం అని చాలా కారణాలు చెప్పుకుంటాం. అవన్నీ కొంతవరకు నిజమే. అసలు కారణం చాలాసార్లు ఆయన చెప్పిందే. సువార్త అంటే మంచి వార్త. దగ్గర వార్త లేనివాడు ఏం చెప్తాడు? పాతికేళ్ల నాటి వార్తను ఉత్సాహంగా చెప్పాలంటే నటించాలి, మర్యాదస్తులకు నటన చేతకాదు, అందుకని మౌనంగా ఉండిపోతారు. మీరు మొదట వెతకాల్సింది ధైర్యం కాదు బ్రదర్. ఈ నెలలో క్రీస్తు మీకు ఏం చేశాడు, ఏ పాపాన్ని ఒప్పించాడు, ఏ ప్రార్థనకు జవాబిచ్చాడు, ఏ ప్రార్థనకు ఇవ్వకపోయినా ఎలా నిలబెట్టాడు, ఇది ముందు కాగితం మీద పెట్టండి. నాలుగు వాక్యాలు కూడా రాకపోతే సమస్య సువార్త దగ్గర లేదు, మీ మోకాళ్ల దగ్గర ఉంది.

2 రాజులు 7వ అధ్యాయంలో నలుగురు కుష్ఠరోగులు గుర్తున్నారా? సమరయ కరువుతో చస్తోంది. వీళ్లు శత్రువుల దండుపేటలోకి వెళ్తే అక్కడ ఎవరూ లేరు, తిండి మాత్రం ఉంది. తిన్నారు, తాగారు, వెండి బంగారాలు దాచుకున్నారు. రెండో గుడారం కూడా దోచాక, మనం చేస్తున్నది మంచి పని కాదు అన్నారు. తినడం తప్పని కాదు. పట్టణం ఆకలితో ఉండగా నోరు మూసుకుని తినడం తప్పు. నాకు ఆ కథలో నచ్చేదేమిటంటే వాళ్లను ఎవరూ గద్దించలేదు. కరువులోంచి అప్పుడే వచ్చారు కాబట్టి ఆకలి ఎలా ఉంటుందో ఒంటికి తెలుసు. మనం ఆ ఆకలి మర్చిపోయేంత కాలం గుడారంలో ఉండిపోయాం.

వరం సంగతి. ఎఫెసీ 4:11లో కొందరిని సువార్తికులుగా నియమించాడని ఉంది, నిజమే. ఆ తర్వాతి వచనం కూడా చదవాలి. వాళ్లను ఇచ్చింది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధం చేయడానికి, వాళ్ల బదులు చేసిపెట్టడానికి కాదు. తిమోతి నెమ్మదస్తుడు, పిరికితనం గురించి పౌలు అతనికి ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. అదే ఉత్తరంలో అతనికే సువార్తికుని పని చేయమన్నాడు. ఇంకోటి చూడండి. అపొస్తలుల కార్యములు 8:1లో హింస వచ్చి, అపొస్తలులు తప్ప మిగతావాళ్లు చెదిరిపోయారు. అలా చెదిరినవాళ్లే వాక్యం ప్రకటించుకుంటూ వెళ్లారు. అంటే పాస్టర్లు యెరూషలేములో ఉండిపోయారు, సువార్త సామాన్యులతో నడిచింది. 11వ అధ్యాయానికి వచ్చేసరికి కుప్ర, కురేనే నుంచి వచ్చిన కొందరు అంతియొకయలో గ్రీకువాళ్లతో మాట్లాడారు. వాళ్ల పేర్లు కూడా రాయలేదు. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులు అన్నది ఆ ఊళ్లోనే.

ఇది మన కాలపు సాకు కూడా కాదు. 1792లో విలియం కేరీ అనే బూట్లు కుట్టే పనిచేసిన బాప్టిస్టు కాపరి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. వెళ్లి సమస్త జనులను శిష్యులుగా చేయండన్న ఆజ్ఞ అపొస్తలుల కాలంతోనే తీరిపోయిందని అప్పట్లో చాలామంది నమ్మేవాళ్లు. కేరీ సూటిగా అడిగాడు. ఆ ఆజ్ఞ అపొస్తలులకే అయితే బాప్తిస్మం కూడా వాళ్లకే కావాలి కదా, మరి మనం ఎందుకిస్తున్నాం? ఇంకోచోట, నీటికుక్కల తోళ్ల లాభం కోసం వ్యాపారులు ఎక్కడెక్కడి సముద్రాలో దాటుతున్నారు, మనకు తోటి మనుషుల ఆత్మల మీద ఆపాటి ప్రేమైనా ఉండాలి కదా అన్నట్టు రాశాడు. మరుసటి ఏడాది ఆయనే బయల్దేరాడు. బెంగాల్ చేరిన ఏడేళ్లకు, 1800 డిసెంబరులో, అక్కడివాళ్లలో మొదటివాడైన కృష్ణపాల్ అనే వడ్రంగికి బాప్తిస్మం ఇవ్వగలిగాడు. ఏడేళ్లకు ఒక్కడు. ఈ లెక్క నెలకోసారి రిపోర్టు అడిగే మన కమిటీలకు వినిపించాలనిపిస్తుంది నాకు.

ఇక మీరు చేయాల్సింది. ఎక్కువ చెప్పను.

ఒకే ఒక్క పేరు రాసుకోండి. పదిమంది కాదు. మీరు వారానికోసారైనా కలిసే మనిషై ఉండాలి. పేరు దొరక్కపోతే కంగారుపడకండి, చాలామందికి దొరకదు. పదిహేనేళ్లలో మన స్నేహాలన్నీ సంఘంలోకే చేరిపోతాయి. మా దగ్గర ఒకాయన అరగంట ఆలోచించి, తనకు విశ్వాసి కాని స్నేహితుడు ఒక్కడూ లేడని తేల్చుకున్నాడు. అలాంటప్పుడు మొదటి పని సువార్త చెప్పడం కాదు, స్నేహం చేయడం. అవసరమైతే సంఘంలో ఒక సాయంత్రం మీటింగు మానేసి ఆ టైమ్ దీనికి పెట్టండి. పాస్టర్‌నై ఉండి ఈ మాట అంటున్నందుకు నా తోటి సేవకులు కొందరు నొచ్చుకుంటారు. మార్కు 5లో దయ్యం వదిలినవాడు యేసుతోపాటు దోనె ఎక్కుతానని బతిమాలాడు. ఆయన ఎక్కనివ్వలేదు. ఇంటికి వెళ్లి నీకు జరిగింది చెప్పమన్నాడు. మనం చాలామందిమి ఇంకా ఆ దోనె దిగలేదు.

ఆ పేరు కోసం రోజూ ప్రార్థన చేయండి. తర్వాత ఆ మనిషి మాట్లాడితే వినండి, నేను రైల్లో విన్నట్టు కాదు. విన్నాక "మీకోసం ప్రార్థన చేయొచ్చా?" అని అడగొచ్చు. నా అనుభవంలో ఈ మాటకు కాదన్నవాళ్లు చాలా తక్కువ. ఎందుకు ప్రార్థిస్తారని వాళ్లు అడిగిన రోజున మీ దగ్గర కాగితం మీద రాసుకున్న నాలుగు వాక్యాలు ఉంటాయి.

మాటలు తడబడతాయన్న టెన్షన్ పెట్టుకోకండి. 1855లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కింబల్ అనే సండేస్కూల్ టీచర్ తన క్లాసు కుర్రాడితో మాట్లాడాలని వాడు పనిచేసే చెప్పుల దుకాణానికి వెళ్లాడు. పనివేళలో వెళ్తే వాడికి ఇబ్బందేమో అని ఆలోచించుకుంటూ దుకాణం దాటిపోయాడు. మళ్లీ వెనక్కొచ్చి, ఎలాగోలా కానిచ్చేద్దామని లోపలికెళ్లాడు. వెనక గదిలో కుర్రాడు చెప్పుల జతలు కాగితాల్లో చుడుతున్నాడు. తను ఏమన్నాడో తర్వాత కింబల్‌కే సరిగ్గా గుర్తులేదు, చాలా బలహీనంగా చెప్పాననే అనుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత పేరుమోసిన అమెరికన్ సువార్తికుడైన డి.ఎల్. మూడీ.

మూడీ కథ చెప్పినప్పుడల్లా నాకో ఇబ్బంది ఉంటుంది, ప్రతి కథా అలా ముగుస్తుందని వినేవాళ్లు అనుకుంటారు. మా సంఘంలో ఒక సిస్టర్ తన ఆఫీసు స్నేహితురాలి పేరు రాసుకుని పద్నాలుగు నెలలు ప్రార్థించింది. భోజనం ముందు తల వంచడం తప్ప బయటికి చేసిందేమీ లేదు. ఒక రాత్రి పదకొండు దాటాక ఆ స్నేహితురాలి నుంచి ఫోన్. తల్లి ఐసీయూలో ఉంది, "నువ్వు ప్రార్థన చేసుకుంటావు కదా, మా అమ్మ కోసం చెయ్యి" అంది. ఫోన్‌లోనే ప్రార్థించింది. తల్లి మూడో రోజు చనిపోయింది. ఆ స్నేహితురాలు ఇప్పటికీ విశ్వాసి కాదు. కానీ అప్పుడప్పుడు ఆమె వచ్చి, "ఆ రోజు నువ్వు చదివింది మళ్లీ ఒకసారి చదువు" అని అడుగుతుంది. 23వ కీర్తన. ఏడేళ్లయింది. ఇది విజయమో అపజయమో నన్నడగకండి. నాటేవాడు వేరు, నీళ్లు పోసేవాడు వేరు, పెంచేవాడు దేవుడని పౌలు అన్నది ఇలాంటి చోటే పనికొస్తుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. కొత్తగా రగిలినవాళ్లు చాలా నష్టం చేసిన సందర్భాలు చూశాను.

ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్లకు మీరుగా మొదలుపెట్టి చెప్పకండి. కాదనే స్వేచ్ఛ లేనివాడికి చెప్పేది సువార్త అవదు, ఒత్తిడి అవుతుంది. సాయానికీ నమ్మకానికీ ముడిపెట్టకండి. ఆకలిగొన్నవాడికి పెట్టేది ఆకలి తీరడానికే, రేపు అతను చర్చికి రాకపోయినా అదే పెట్టాలి. ఎదుటివాళ్ల దేవుళ్లను, నమ్మకాలను కించపరచకండి. 1 పేతురు 3:15లో జవాబు చెప్పమన్న చోటే సాత్వికం, భయం అన్న మాటలు ఉన్నాయి. మన వీధి ప్రసంగాల్లో ముందు జారిపోయేవి ఆ రెండే. ఇక వద్దన్నవాళ్ల దగ్గర ఆపేయండి, స్నేహం మాత్రం ఆపకండి. వద్దన్నాక మీరు మాయమైపోతే, ఇన్నాళ్లూ ఎందుకు పలకరించారో వాళ్లకు తెలిసిపోతుంది.

ఇంట్లోవాళ్ల విషయంలో ఇంకా తక్కువ మాట్లాడండి. వాళ్లకు మీ ప్రసంగాలు తెలుసు, మీ కోపమూ తెలుసు.

అపరాధభావంతో మొదలుపెట్టకండి. ఒక కుర్రాడు ఒకే నెలలో ఐదొందల కరపత్రాలు పంచాడు. లెక్క రాసి నాకు చూపించాడు. ఎవరికిచ్చావు అంటే ఒక్క పేరు చెప్పలేకపోయాడు. ప్రసంగంలో గుచ్చుకున్న ముల్లును తీసుకోవడానికి పంచాడు, తీరిపోయింది. రెండేళ్లకు సంఘానికి రావడమే మానేశాడు. అతన్ని అలా పరిగెత్తించిన ప్రసంగం నాదే.

ఇక మీ స్టేటస్ సంగతి. పెట్టండి, మానొద్దు. కాకపోతే రేపు పెట్టాక ఒక పని చేయండి. దాన్ని ఎవరెవరు చూశారో కింద పేర్లు వస్తాయి కదా, ఆ లిస్టు ఓసారి కిందిదాకా చూడండి. సంఘంవాళ్లు ఎలాగూ ఉంటారు, చప్పట్ల ఎమోజీ పెట్టేస్తారు. వాళ్ల మధ్యలో, విశ్వాసి కాని ఒక పేరు, ఎప్పుడూ జవాబివ్వకుండా రోజూ చూసే పేరు, ఉంటుంది. పాత క్లాస్‌మేటో, మానేసిన ఆఫీసులోని మనిషో. రాసుకోవాల్సిన పేరు దొరకలేదంటే అది రాసుకోండి. సాయంత్రం ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగండి. మొదటి ఫోన్‌లో వాక్యం ఎత్తకండి.